మూడో దశ వాళ్ళ పంక్తి

డాక్టరమ్మగారు పోయారన్న కార్డు మా హాస్టలు గుమ్మం దాటి లోపలికి రాలేదు. వాచ్‌మన్ దాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని గేటు దగ్గరే నిలబడి నాకు కబురు పెట్టాడు. నేను వెళ్ళగానే, "ఇక్కడే చదువుకోమ్మా. చదివి చించేసెయ్. లోపలికి మాత్రం తీసుకెళ్ళొద్దు," అన్నాడు. తెనాలి నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు రాసిన కార్డు. మా మేనత్తగారు నిద్రలోనే వెళ్ళిపోయారు, గుండె ఆగిందన్నారు, పెద్దకర్మకు తప్పక రావలెను అని నాలుగు ముక్కలు. చివర అందరూ రాసే వాక్యమే: చదివిన వెంటనే చించివేయగలరు.

నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు ఆ తరువాత వచ్చింది. వాచ్‌మన్ నన్ను వింతగా చూశాడు. అతనికి చెప్పలేకపోయిన సంగతి పాఠకులకు చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇలా గుమ్మం దాటి రాని కార్డుల వల్లే ఆవిడా నేనూ తెనాలికీ రేపల్లెకీ బాపట్లకీ మధ్య ఏడాది పొడుగునా తిరిగాం. ఆ తిరుగుడు లేకపోతే నేను ఈ చదువు చదివేదాన్ని కాదు. చించేసిన కార్డు వెనక ఒక మనిషి అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతూ ఉండవచ్చని నాకు తెలిసేదీ కాదు.

మా వీధిలో ఆవిడది చివరి ఇల్లు. తెనాలిలోనే పుట్టి, పట్నంలోని పెద్దాసుపత్రి కాన్సరు వార్డులో ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక మళ్ళీ తెనాలికే వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా ఉండేవారు, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. ఏదైనా ఆలోచిస్తుంటే దవడ కింద, మెడ పక్కన, తనకి తెలియకుండానే వేళ్ళు పెట్టి నొక్కి చూసుకునేవారు. జీవితమంతా ఇతరుల మెడలు తడిమి చూసిన చేతులవి. పని లేనప్పుడు అవి ఆవిడ మెడ మీదికే వెళ్ళేవి.

ఎవరు కనిపించినా ఆవిడ ముందు అడిగే మాట ఒక్కటే: "ఏం తిన్నావు?"

బాగున్నావా అని అడిగేవారు కాదు. "బాగున్నావా అంటే అందరూ బాగున్నామనే అంటారు. ఏం తిన్నావంటే నిజం చెబుతారు," అనేవారు. ఆవిడ రోగుల్లో ఎక్కువమంది నోట్లో పుండుతో వచ్చినవాళ్ళు. చుట్టలు కాల్చేవాళ్ళు, పొగాకు దవడకి పెట్టుకునేవాళ్ళు. మా అమ్మ కూడా మొదట్లో ఆ ప్రశ్నకి నొచ్చుకుంది. "ఇంట్లో తిండి లేదనుకుంటున్నారేమో," అని. నేను ఆవిడతో ఊళ్ళు తిరిగాకే, ఆ వార్డులో నెల రోజులు బతకడమంటే నాలుగు మెతుకులు మింగగలగడమే అని తెలిసింది.

ఉద్యమంతో కాలేజీలు మూతపడిన ఏడాది అది. నేను బి.ఎస్సీ మధ్యలో ఉన్నాను. పుస్తకాల అట్టల వెనక కొత్త మాటలు రాసుకుంటూ, వాటిని రాగంతో చదువుకుంటూ కాలం గడుపుతున్నాను. ఒక మధ్యాహ్నం ఆవిడ పిట్టగోడ అవతల నుంచి పిలిచారు.

"ఏమే, నీ చదువులో గీతలు గీయడం నేర్పుతారటగా? తిన్నగా గీస్తావా?"

"గీస్తానండి."

"మాటల పిచ్చి కూడా ఉందటగా? మీ అమ్మ చెప్పింది."

నేను సిగ్గుపడి తలవంచుకున్నాను.

"నాకు రెండూ కావాలి. రా. ఏం తిన్నావు?"

ఆవిడ ముందుగదిలో మంచం మీద, కుర్చీల మీద, ఆఖరికి ఇస్త్రీ చీరల మీద కూడా గడుల కాగితాలు పరిచి ఉన్నాయి. కూర్చోబెట్టి, పాఠం చెబుతున్నట్టు కాకుండా తగువు పెట్టుకుంటున్నట్టు అడిగారు.

"కాన్సరుకి దశలుంటాయి. దశ అంటే ఏంటి?"

"రోగం ఎంత ముదిరిందో చెప్పేదండి."

"అది పైకి. అసలు సంగతేంటంటే, ఈ మనిషి ఎన్నాళ్ళుంటాడో మనం ముందుగా చెప్పే మాట. ముందుగా చెప్పినవాళ్ళం, అది నిజమైందో కాదో తరువాత వెళ్ళి చూడాలా, వద్దా?"

"చూడాలండి."

"ఎవరూ చూడలేదు. అదీ నా బాధ."

ఆసుపత్రిలో అప్పటి పద్ధతి ఇది. పుండు చిన్నదైతే మొదటి దశ, పెద్దదైతే రెండో దశ. మెడలో గడ్డ చేతికి తగిలిందా, ఇక మూడో దశే. ఆ గడ్డ చింతగింజంత ఉన్నా, నిమ్మకాయంత ఉన్నా, వేలు పెడితే జారి కదిలినా, రాయిలా బిగుసుకుపోయినా అన్నిటికీ ఒకే పేరు. మూడో దశ అని రాశాక ఆపరేషను లేదు, కరెంటు పెట్టడమూ, అంటే రేడియేషనూ, లేదు. "ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండి," అని చెప్పి పంపేవారు. ఆ మాటకి అర్థం వెంట వచ్చినవాళ్ళకి తెలుసు. మంచం మీద ఉన్న మనిషికీ తెలుసు.

కదిలే గడ్డ వేరు, కదలని గడ్డ వేరు అని డాక్టరమ్మగారి నమ్మకం. పైవాళ్ళతో పోట్లాడి, కదిలే గడ్డ ఉన్న కొంతమందికి ఆవిడ ఆపరేషను చేశారు. తరువాత ఆసుపత్రి వాళ్ళు రోగులందరి ఇళ్ళకీ అచ్చువేసిన కార్డులు పంపి, ఉన్నారా లేరా అని అడిగారు. జవాబు రానివాళ్ళందర్నీ పోయినవాళ్ళలో కలిపేశారు. ఆ లెక్క ప్రకారం, ఎంతమంది మిగిలారో చూపే మూడో దశ గీత నూతిలో చేద పడ్డట్టు పడిపోయింది. గడ్డ కదిలినా ఒకటే, కదలకపోయినా ఒకటే అని తేల్చారు.

"వాళ్ళ లెక్క నిజమైతే," అన్నారు ఆవిడ, "పోయేవాళ్ళని పోనివ్వకుండా నేను ఊరికే కోసి, నోరు వంకరచేసి, ఏడిపించి పంపానన్నమాట. అబద్ధమైతే ఇవాళ కూడా బతికేవాళ్ళని ఇంటికి పంపుతున్నారన్నమాట. రెండిట్లో ఏదో ఒకటి. నాకు తెలియాలి. పోయేలోపల తెలియాలి."

మేం మొదట వెళ్ళింది రేపల్లె అవతల కాలవగట్టు మీది పల్లెకి. రైళ్ళు నడిచిన రోజున రైల్లో, లేని రోజున బస్సులో, బస్సూ లేకపోతే మర్నాడు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఇత్తడి మరచెంబు ఉండేది. దాని మూత తిప్పి నీళ్ళు ముందు నాకు పోసి తరువాత తాను తాగేవారు. రేపల్లె రైలు ప్రతి స్టేషనులోనూ తీరిగ్గా ఆగేది. "ఇది నాకంటే ముసలిదే," అని నవ్వేవారు.

రేపల్లెలో రిక్షా ఎక్కి, రిక్షా వెళ్ళలేని చోట దిగి, గట్టు వెంట నడిచి వెళ్ళాం. ఒక ఇంటి అరుగు మీద ఒక ముసలావిడ చేటతో మినుములు చెరుగుతోంది. నోరు ఒక పక్కకి లాగినట్టుంది. లోపలి నుంచి కోడలు వచ్చి, "ఎవరు కావాలండి?" అంది. డాక్టరమ్మగారు అరుగు మీది మనిషినే చూస్తూ నిలబడిపోయారు.

"మంగమ్మా," అన్నారు చివరికి.

ముసలావిడ చేట దించి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అమ్మో, డాక్టరమ్మే!"

"ఉన్నావుటే?"

"ఉన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"గోంగూర ఒక్కటీ నోరు మండుద్ది తల్లీ. మిగతావన్నీ లాగిస్తన్నా. ఈ పిల్ల వండితే ఏదీ మండదులే, ఉప్పూ కారం ఉంటేగా!"

కోడలు మూతి తిప్పుకుంది. డాక్టరమ్మగారు అరుగు మీద కూర్చుని మంగమ్మ మెడ రెండు పక్కలా తడిమి చూశారు. చూసి, చెయ్యి అక్కడే ఉంచేశారు.

"మరి కార్డు వేస్తే జవాబు రాయలేదేం?"

"ఏ కార్డండీ?" అంది కోడలు. తరువాత నోటిమీద చెయ్యి వేసుకుంది. "ఆ నల్లగీతల కార్డా? అది మీరేశారా? మా మావగారు గుమ్మంలోనే చించి కాలవలో పారేసి, తలమీద నీళ్ళు పోసుకునొచ్చారండీ. మనిషి అరుగు మీద కూర్చుని నన్ను సాధిస్తా ఉంటే, చావు కార్డేంటండీ చోద్యం కాకపోతే?"

"నన్ను ఎన్నాళ్ళో గడప దాటనీలా," అంది మంగమ్మ. "రోజూ దిష్టి తీయడవే."

అప్పుడు అర్థమైంది. అచ్చువేసినవాళ్ళెవరో అందంగా ఉంటుందని కార్డు చుట్టూ దళసరి నల్లగీత పెట్టారు. లోపల "రోగి జీవించియున్నారా? మరణించినచో తేదీ తెలుపవలెను" అని ఉంది. మన వైపు ఆ గీత చూశాక లోపలి అక్షరాలు చదివేదెవరు? బతికి ఉన్న మనిషి ఇంట్లోకి ఆ కార్డుని రానిచ్చేదెవరు?

తిరుగు ప్రయాణంలో డాక్టరమ్మగారి వేళ్ళు మెడ పక్కనే ఉన్నాయి. వేమూరు దాటాక అడిగారు.

"పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి మాత్రం జవాబులొచ్చాయి. ఎందుకో తెలిసిందా?"

"వాళ్ళకి ఆ కార్డంటే భయం లేదండి. జరగాల్సింది జరిగిపోయింది."

"ఊఁ. ఉన్నవాళ్ళే చించేశారు. చించినవాళ్ళందర్నీ మనం చంపేశాం." ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఎదురుబల్ల మీది పెద్దమనిషి పేపరు దించి చూసేంతగా నవ్వారు. కళ్ళలో నీళ్ళు వస్తే కొంగుతో తుడుచుకున్నారు. నవ్వు ఆగిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు. దిగేముందు ఒక్క మాట అన్నారు. "మౌనానికి చావు అని పేరు పెట్టకూడదే." నేనది ఇంటికి వెళ్ళగానే అట్ట వెనక రాసుకున్నాను. అంతకుముందు అక్కడ రాసుకున్నవన్నీ పెద్దపెద్ద మాటలు. ఇందులో ఒక్కటీ కొత్త మాట లేదు.

మర్నాటి నుంచి కార్డు మళ్ళీ రాయడం నా పని. నేను రాసిన మొదటి కార్డు "తమ క్షేమ సమాచారములకై నిరీక్షించుచు" అని మొదలైంది. ఆవిడ చదివి, "ఎవరికి రాశావు, జమీందారుగారికా?" అన్నారు. కొట్టేసి మళ్ళీ రాయమన్నారు. మళ్ళీ కొట్టేశారు. చివరికి మిగిలింది ఇది: "మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నాం. మీ ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్తాం. మీ డాక్టరమ్మ." నాలుగు మూలలా పసుపు రాశాం. ఆవిడ వేళ్ళూ నా వేళ్ళూ ఎన్నాళ్ళో పచ్చగా ఉన్నాయి. ఎవరింట్లో పెళ్ళని పోస్టుమాన్ అడిగాడట.

ఆ కార్డులకి జవాబులొచ్చాయి. జవాబు రాయడం రానివాళ్ళు మనిషిచేత కబురు పెట్టారు. కొందరు ఏకంగా వచ్చేశారు. అయినా ఆవిడ వెళ్ళి చూడందే ఒప్పుకునేవారు కాదు. పోయినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళేవాళ్ళం. బాపట్ల దగ్గర ఒక ఇంటికి వెళ్ళాం. ఇంటాయన పోయాడు. ఆయన భార్య మాకు పీటలు వేసి మంచినీళ్ళిచ్చింది. తేదీ అడిగితే ఆవిడకి తెలియదు.

"మినుము తీసే రోజులండి. తుపాను వచ్చిన ఏడు కాదు, ఆ పై ఏడు. మా పెద్దపిల్ల పెళ్ళయి కాపరానికి వెళ్ళింది కూడాను."

"పెళ్ళిలో పీటల మీద కూర్చున్నాడా?"

"కూర్చున్నారండి. కన్యాదానం ఆయనే చేశారు. మాట ముద్దగా వచ్చేది. పంతులుగారు చెప్పిన ప్రతి ముక్కా పలికారు మరి."

"ఆ రోజు ఏం తిన్నాడు?"

ఆవిడ కొంచెం ఆలోచించింది. "పాయసమండి. రెండుసార్లు వడ్డించుకున్నారు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా పల్లెల్లో చావులకి తేదీలుండవు. మినుము తీసే రోజులు, కుప్పనూర్పిళ్ళు, కాలవ కట్టేసిన వారం, గేదె ఈనిన మర్నాడు ఉంటాయి. వాటిని నెలలుగా మార్చడం నా పని. ఒక్కొక్కరి దగ్గరా ముగ్గురు నలుగుర్ని అడిగి సరిచూసేవాళ్ళం. బతికిన నెలల్ని పెళ్ళిళ్ళతో, పంటలతో కొలవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ తరువాత చదివిన పుస్తకాల్లోనూ కనబడలేదు.

సాయంత్రాలు ఆవిడ ముందుగదిలో గీతలు గీసేదాన్ని. మొదట అందరూ ఉంటారు గనక గీత పైన మొదలవుతుంది. ఎవరైనా పోయినప్పుడు ఒక మెట్టు దిగుతుంది. ఎవరూ పోనంత కాలం నేలకి సమంగా నడుస్తుంది. కదలని గడ్డ వాళ్ళ గీత తొందరగా మెట్లు దిగిపోయింది. కదిలే గడ్డ వాళ్ళ గీత మాత్రం రెండో దశ గీత పక్కనే, అక్క పక్కన చెల్లెలు నడిచినట్టు నడిచింది. నేను ఎగిరి గంతేశాను.

"కూర్చో," అన్నారు ఆవిడ. "ఇంకా అయిపోలేదు. పడవవాడు దొరకలేదు."

పడవవాడంటే వీరాస్వామి. పెద్దకాలవ మీద ధాన్యం పడవ నడిపేవాడు. కదిలే గడ్డతో వచ్చినవాడు. ఎడమ చెంప కుట్టాక, ఆ కుట్లు కనబడకుండా మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని తిరిగేవాడట. లారీలు వచ్చి పడవలు ఆగిపోయాక ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. మేం పోయిన దారిలో పడవలు ఆగే ప్రతి లాకు దగ్గరా ఆవిడ దిగి అడిగేవారు. "ఎడం చెంప కుట్టి ఉంటుంది. తువ్వాలు వదలడు." లాకుల దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు తలలు అడ్డంగా ఊపేవాళ్ళు. అతన్ని ఆఖరిసారి చూసిన నెల దగ్గర గీత మీద నిలువుగా చిన్న గాటు పెట్టించారు. "ఇక్కడిదాకా చూశాం. ఆపైన మనకి తెలియదు. తెలియదని రాయడానికి సిగ్గుపడకూడదు," అన్నారు.

అంతలో నందివెలుగు నుంచి ఆదెమ్మ వచ్చింది. మల్లెతోటలో పూలు కోసే మనిషి. మొగుడు వెంట వచ్చాడు. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళానమ్మా. ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టమన్నారు," అన్నాడు. ఆదెమ్మ నేలచూపులు చూస్తూ, "నాకు ఇష్టమైంది ఇదీ అని ఇంతవరకూ ఎవురూ అడగలా. ఇప్పుడడుగుతున్నాడు," అంది.

డాక్టరమ్మగారు ఆమె మెడ మీద వేళ్ళు పెట్టారు. "కదులుతోంది," అన్నారు నావైపు చూసి. మర్నాడు ఉదయమే గీతల కాగితం పట్టుకుని ఇద్దరం పట్నం బయలుదేరాం, వీరాస్వామి గాటుతో సహా.

అక్కడి పెద్ద డాక్టరుగారు ఒకప్పుడు ఆవిడ చేతికింద పనిచేసినవారే. పసుపు మూలల కార్డొకటి చేతిలోకి తీసుకుని నవ్వారు. "కాన్సరు లెక్కలకి పసుపేంటి మేడమ్? కుంకం కూడా పెట్టలేకపోయారా?"

"నీ నల్లగీత కంటే నయమే కదయ్యా. నీ కార్డుకి జవాబు రాసింది పోయినవాళ్ళ చుట్టాలు. నా కార్డుకి బతికున్నవాళ్ళు రాశారు."

ఆయన నవ్వు ఆగింది. గీతల కాగితం దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు చూశారు. పట్నం వెళ్ళేటప్పుడు దారిలోనే, మంగమ్మని వెంట తీసుకురావాల్సింది, ఒక్కసారి చూస్తే ఆయన నోరు మూయించేది అని నేను గొణిగాను. దానికి ఆవిడ, "ఒక మనిషిని చూపించి నేను గెలిస్తే, రేపు పోయిన మనిషిని చూపించి ఇంకొకడు గెలుస్తాడు. అందర్నీ కలిపి చూడమనే కదే మన తగువు," అన్నారు.

"ఈ గాటేంటి?" అని అడిగారు పెద్ద డాక్టరుగారు.

"ఒక పడవవాడు. జాడ లేదు."

"పోయే ఉంటాడు మేడమ్."

"నువ్వు చూశావా?"

ఆయన కాగితం మడిచి, "ఆ నందివెలుగు ఆవిణ్ణి తీసుకురండి. చేద్దాం. కదిలే గడ్డతో ఇక ముందు వచ్చినవాళ్ళని కూడా నాకు చూపించకుండా ఇంటికి పంపొద్దని చెబుతాను," అన్నారు.

ఆదెమ్మకి ఆపరేషను అయింది. కరెంటూ పెట్టారు. కోలుకుని నందివెలుగు నుంచి పొట్లాం కట్టిన మల్లెపూలు తెచ్చి డాక్టరమ్మగారి ఒళ్ళో పోసింది. ఏం తిన్నావంటే, "పెరుగన్నం, మామిడిపండు," అని వేళ్ళు ముడిచి చెప్పింది. డాక్టరమ్మగారికి పూలు పెట్టుకునే అలవాటు లేదు. మాల కట్టి మరచెంబు మెడకి చుట్టారు. ఆవిడ ఆ రోజు ఉన్నంత హాయిగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

మరుసటి ఏడు మల్లెలు పూసే లోపలే రోగం తిరగబెట్టింది. ఆదెమ్మ దక్కలేదు.

నందివెలుగు వెళ్ళి వచ్చిన సాయంత్రం ఆవిడ కాళ్ళు కడుక్కుని, నన్ను పిలిచి, గీతల కాగితం పరిచారు. ఆదెమ్మకి మెట్టు దించమన్నారు. నేను దించలేనన్నాను. ఆమె కొత్తగా వచ్చిన మనిషి కదా, పాత వాళ్ళ లెక్కలో కలపక్కర్లేదు కదా అన్నాను. నాకు ఏడుపొస్తోంది. ఆవిడ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మన మాట విని వాళ్ళు ఆమెకి కోశారు. మన లెక్కలో లేకపోతే ఇంకెవరి లెక్కలో ఉంటుందే? నచ్చినవాళ్ళనే లెక్కపెడితే అది లెక్క కాదు, కోరిక. గియ్యి."

నేను గీశాను. మెట్టు చిన్నదే. గీత ఇంకా రెండో దశ గీత పక్కనే ఉంది. ఆవిడ ఆ కొత్త మెట్టు మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. దీపం పెట్టేవేళ దాటినా లేవలేదు. నేనే లేచి లైటు వేశాను. అప్పుడు చూశాను, చెంపలు తడిసి ఉన్నాయి. "ఇష్టమైంది అడిగారుటే ఆదెమ్మని, ఆఖరికైనా?" అన్నారు.

కాలేజీలు అప్పటికే తెరిచారు. నేను డిగ్రీ ముగించి స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీకి వచ్చేశాను. స్టేషనుకి ఆవిడ వచ్చారు. రైలు కదిలేదాకా నాతో ఏ పెద్ద మాటా అనలేదు. హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటే ఇంటికి ఉత్తరం రాయమన్నారు. మరచెంబు నా చేతిలో పెట్టి, "నాకు ఇక ప్రయాణాలు లేవుగా," అన్నారు. ఆవిడ నాకు ఎప్పుడు ఉత్తరం రాసినా చివర ఒకే ముక్క ఉండేది: పడవవాడి జాడ ఇంకా తెలియలేదు.

పెద్దకర్మ రోజున వీధిలో షామియానా వేశారు. వచ్చినవాళ్ళందరికీ ఒకే పంక్తి అని ఆవిడ ఎప్పుడో చెప్పి ఉంచారట. ఆవిడ తమ్ముడి కొడుకు ఆ మాట నిలబెట్టాడు. ఒకపక్క బంధువులు, ఒకపక్క ఊళ్ళవాళ్ళు కూర్చున్నారు. మంగమ్మ కోడలి చెయ్యి పట్టుకుని రేపల్లె రైలు దిగి వచ్చింది. నన్ను చూసి ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇంకా నాలుగైదు తెలిసిన ముఖాలు ఉన్నాయి. వంకర నోళ్ళు, కుట్టిన పెదాలు. ఒక్కొక్కరినీ ఏ పల్లెలో ఏ అరుగు మీద చూశామో గుర్తొస్తోంది.

విస్తళ్ళు వేస్తుండగా వీధి మొదట్లో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. మండుటెండలో మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

నాకంటే ముందు మంగమ్మ చూసింది. కోడలి చెయ్యి వదిలేసి, "ఏరా పడవోడా!" అని షామియానా అంతా వినబడేట్టు అరిచింది. ఇద్దరూ ఒకే రోజుల్లో వార్డులో ఉన్నవాళ్ళు. "ఉన్నావంట్రా?"

"ఉన్నానక్కా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

నేను లేచి వెళ్ళి తీసుకొచ్చాను. పడవ అమ్మేశాక పొన్నూరులో ఒక రైసు మిల్లులో బస్తాలు మోస్తున్నాడట. బస్సులో ఎవరో తెనాలి డాక్టరమ్మ పోయిందని చెప్పుకుంటుంటే విన్నాడట. మేం బాపట్ల వెళ్ళిన ప్రతిసారీ పొన్నూరు మీదుగానే వెళ్ళాం. కాలవలన్నీ వెతికాం కానీ మిల్లుల వైపు చూడలేదు. పడవవాణ్ణి నీళ్ళ దగ్గరే వెతుకుతారు కదా.

"డాక్టరమ్మగారు మీకోసం చాలా వెతికారండి," అన్నాను.

"నాకోసమా?" ఆయన నమ్మలేదు. "ఎందుకమ్మా?"

"ఉన్నారో లేదో చూద్దామని."

ఆయన విస్తరి ముందు కూర్చుని తువ్వాలు విప్పాడు. కుట్టిన చెంప బయటపడింది. "వచ్చి కనబడి పోవాల్సింది," అన్నాడు. "పడవ పోయినాక, ఉన్నానని ఎవురికి చెప్పాలో తెలవలా."

వడ్డన మొదలైంది. గారెలు వేశారు. వాళ్ళంతా ఒక్కొక్క గారెనీ తుంచి, పెరుగులో నానబెట్టుకుని, నమలగలిగిన పక్కకి తోసుకుని, తొందర లేకుండా నములుతున్నారు. బంధువుల వైపు భోజనాలు అయిపోయాయి. చేతులు ఎండిపోతున్నాయి. బస్సు అందుకోవాల్సిన ఒక పెద్దాయన లేవబోయి, పంక్తిని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు. మంగమ్మ పెరుగులో గారె ముక్కని వేలితో తిప్పుతోంది. వీరాస్వామి తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని మింగుతున్నాడు. ఎవరూ లేవలేదు.